నాలుగో పిలుపు

తొమ్మిది మంది లోపల ఉండగానే గని నోటికి పలకలు కొట్టేస్తున్నారు.

సైరను మోగినప్పుడు జొమ్నే ముల్లంగి తరుగుతోంది. కత్తి అక్కడే పడేసి కొరియా కూలీల ఇళ్లుండే లైను నుంచి కొండమీదికి రొప్పుతూ పరిగెత్తింది. ఆమె వచ్చేసరికి నలుగురు వడ్రంగులు మూడో గని ముఖద్వారానికి అడ్డంగా లావుపాటి చెక్కలు పెట్టి మేకులు దిగ్గొడుతున్నారు. వాళ్ల వెనకాల ఇరవై మంది తట్టలతో బంకమట్టి తెచ్చి సందులు మెత్తుతున్నారు. అక్కడక్కడా సన్నగా పొగ వస్తోంది. ఏ సందులోంచి వస్తే ఆ సందును చేతికర్రతో పొడిచి, ఇక్కడ కూడా, ఇక్కడ కూడా అని పురమాయిస్తున్నాడు కురమొచి. ఒషినాయ్ బొగ్గు కంపెనీలో కూలీల మీద పెత్తనమంతా ఆ దొరదే.

“బాబూ, లోపల మనుషులున్నారు,” అంది జొమ్నే. ఆరేళ్లుగా కంపెనీ కొట్లో బేరాలాడి నేర్చుకున్న జపాను భాష ఆమెది.

కురమొచి ఆమె వంక చూడలేదు. పక్కనున్న మేస్త్రీ యాంగ్ వంక చూశాడు. “ఏమంటోందిరా ఇది?”

“పాక్ దల్సూ పెళ్లామండి. మొగుడు లోపలున్నాడంటోంది.”

“ఉన్నవి శవాలని చెప్పు. గాలి తగిలితే నిప్పు పాకుతుంది. పాకిందంటే ఇరవై ఏళ్ల బొగ్గు బూడిదవుతుంది.”

ఆ మాట ఆమెకి అర్థం కాలేదన్నట్టు యాంగ్ మళ్లీ కొరియా భాషలో చెప్పాడు, చెల్లెమ్మా అని కూడా చేర్చాడు. యాంగ్ కొరియావాడే. దక్షిణాన పొలాలు పోగొట్టుకున్న కొంపలన్నీ వెతికి, వెచ్చటి గది, తెల్లన్నం అని ఆశపెట్టి, వీళ్లందర్నీ ఓడెక్కించి జపానుకి ఉత్తరాన ఈ మంచుగడ్డ మీదికి తోలుకొచ్చిన పుణ్యాత్ముడు. మూడో గనిలో విషవాయువు ఎక్కువని కంపెనీకి తెలుసు. తెలుసు కాబట్టే అక్కడికి కొరియావాళ్లను తప్ప ఇంకెవర్నీ దింపరు.

జొమ్నే చెక్కల మీద పడి రెండు చేతులతో పీకబోయింది. కాపలావాళ్లు జుట్టు పట్టి వెనక్కి ఈడ్చారు. వడ్రంగుల్లో ముసలాడొకడు సుత్తి ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. కురమొచి కసిరితే మళ్లీ కొట్టాడు.

ఆ మధ్యాహ్నం అత్తగారు చేసిన పని చూసి జొమ్నేకి ఒళ్లు మండిపోయింది.

మనిషి పోతే కొరియావాళ్లు మొదట ఏడవరు. పోయినవాడు తొడుక్కున్న చొక్కా పట్టుకుని ఇంటికప్పు ఎక్కుతారు. ఉత్తరం వైపు తిరిగి చొక్కా ఊపుతూ, పేరు పెట్టి మూడుసార్లు వెనక్కి రమ్మని పిలుస్తారు. ఎంతో దూరం పోకముందే ప్రాణం వింటే వెనక్కొస్తుందని ఆశ. మూడోసారికి కూడా రాకపోతే ఇక పోయినట్టే. అప్పుడు ఏడుపు. ఆ పిలుపు అయిన ఇంట్లో ఇక బతికున్నాడేమోనని ఎవరూ వాదించరు. ఊళ్లో అయితే మగవాడు పిలుస్తాడు. ఇక్కడ మిగతా గనుల్లో ఉన్న మగవాళ్లను ఎవర్నీ పైకి వదల్లేదు. అందుకని అరవై మూడేళ్ల ముసలమ్మ తనే నిచ్చెనేసుకుని తారుకాగితం కప్పు మీదికి ఎక్కింది.

“అత్తా, దిగు,” అంది జొమ్నే కింద నుంచి. “శవాన్ని చూశావా నువ్వు?”

“చూడ్డానికి దారేదే? మూసేశారుగా. నేను పిలవకపోతే నా కొడుకు ఈ పరాయి మంచులో దిక్కు తెలీకుండా తిరుగుతాడు.”

“బతికుంటేనో?”

“దొర చచ్చాడన్నాడు. మేస్త్రీ చచ్చాడన్నాడు. నీకొక్కదానికే తెలిసిందా?”

ముసలమ్మ ఉత్తరాన అడివి వైపు తిరిగింది. దల్సూ గళ్ల చొక్కా ఊపింది. “మిర్యాంగ్ ఊరి దల్సూ, వెనక్కి రా నాయనా.” మూడుసార్లు. ఒక కప్పు మీద చొక్కా ఊగడం చూసి పక్కింటామె ఎక్కింది. ఆమెను చూసి ఆ పక్కామె. పెద్దావిడే ఎక్కిందంటే ఏదో తెలిసే ఉంటుందనుకున్నారు. ఎనిమిది ఇళ్ల మీద ఎనిమిది చొక్కాలు ఊగాయి. తొమ్మిదోవాడు ఛున్సొక్ ఒంటరివాడు, బ్యారక్‌లో ఉండేవాడు. వాడికెవరున్నారని లైనులో అందరూ హప్చన్ వదిన అని పిలిచే ఆవిడ తన మొగుడితోపాటు వాడి పేరు కూడా కలిపి పిలిచింది. జొమ్నే మాత్రం గుమ్మంలో కూర్చుని చెవులు మూసుకుంది. అత్తమీద ఆమెకి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

చీకటి పడకముందే యాంగ్ లైనులోకి వచ్చాడు. పొడి మాటలతో వచ్చాడు.

“దొరగారు కొండమీంచి చూశారు. అదేంటని అడిగారు. మావాళ్లు చావు ఒప్పుకున్నారండీ అని చెప్పాను. పుస్తకంలో రాసుకున్నారు. రేపు మధ్యాహ్నం రైలుకి తనిఖీ అధికారి వస్తాడు. ఇంటివాళ్లే ఒప్పుకున్నారు కాబట్టి ఆయన సంతకం పెడతాడు. వాగు నీళ్లు లోపలికి వదిలి నిప్పు ఆర్పుతారు. మీరూ గొడవ లేకుండా మీ మొక్కులూ మోతలూ చేసుకోండి.”

ముసలమ్మ చొక్కా ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పోయినవాళ్ల కోసం తాము చేసుకున్న పని కంపెనీకి కాగితమై కూర్చుంటుందని ఆ ఆడవాళ్లలో ఎవరికి తెలుసు?

మర్నాడు పొద్దెక్కాక కుళాయి దగ్గర నీళ్లకు నిలబడ్డప్పుడు, జపాను ముసలాడొకడు లైను మొదట్లో తచ్చాడుతూ కనిపించాడు. జపానువాళ్లు కొరియా లైనులోకి అడుగు పెట్టరు. వెల్లుల్లి కంపంటారు. ఆ ముసలాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఎవరు నువ్వు?” అంది జొమ్నే. అంటూనే గుర్తుపట్టింది.

“మత్సుజోని. వడ్రంగిని. నిన్న పలకలు కొట్టాను.”

హప్చన్ వదిన చేతిలోని కుడితి నీళ్లు అతని కాళ్ల మీద గుమ్మరించింది. అతను కదల్లేదు.

“పంపు షెడ్డు దగ్గర, లోపల్నుంచి నీళ్లు తోడే గొట్టం ఉంది కదమ్మా. పంపు ఆపేశారు. పొద్దున నేను అటు పోతుంటే గొట్టంలో చప్పుడొచ్చింది. చెవి పెట్టి విన్నాను. అయిదు దెబ్బలు. ఆగి, మళ్లీ అయిదు. దొరకి చెప్పాను. ఇనుం చల్లారితే అట్లాగే మోగుతుందన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో ఉన్నాను. చల్లారే ఇనుం లెక్కపెట్టి కొట్టదు.”

జొమ్నే బిందె కింద పెట్టేసింది. “నిప్పు?”

“ఎడమ సొరంగంలో ఉంది. మీవాళ్లు కుడి వైపు. రెండిటి మధ్యా లోపలే ఒక గోడ కడితే చాలు. కాని దానికి అన్ని గనుల్లోనూ పని ఆపి వందమందిని దింపాలి. ఆపడం ఇష్టంలేక నోరు మూసేశారు.”

ఆమె ఇదంతా కొరియా భాషలో చెప్పింది. కుళాయి దగ్గర ఒక్కసారిగా గోల లేచింది.

“ఉచ్చేమో. మనల్ని అక్కడికి రప్పించి పోలీసులకి పట్టిస్తారు.”

“వాడు జపానోడు. వాడి మాట నమ్మి కొండెక్కుతామా?”

“మూడుసార్లు పిలిచేశాం కదే,” అంది హప్చన్ వదిన. “పిలిచినవాళ్లని మళ్లీ బతికున్నారంటే పాపం చుట్టుకోదూ? మిగిలిన పిల్లలకేమన్నా అయితే?”

“పాపమేంటి వదినా,” జొమ్నే అరిచింది. “నీ మొగుడు గొట్టం కొడుతుంటే నువ్వు ఆచారం గురించి అడుగుతున్నావా? వాళ్లకి చావు కాగితం రాసిచ్చింది ఎవరు? మనం. మా అత్త.”

అందరూ ముసలమ్మ వైపు తిరిగారు. ఆమె బోర్లించిన జాడీ మీద కూర్చుని ఉంది. ఇప్పుడు లేచింది.

“నిజమే. నేనే ఎక్కాను. నన్ను చూసి మీరెక్కారు,” అంది. “మా అమ్మ నాకు మూడు పిలుపులని చెప్పింది. మూడు చచ్చినవాళ్లకి. మరి బతికున్నవాళ్లని ఎన్నిసార్లు పిలవాలో ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నారు. నేను నాలుగోసారి పిలుస్తాను. కప్పు మీంచి కాదు. గని నోట్లోకే పిలుస్తాను. పాపమంటూ ఉంటే అది నా నెత్తిన వేసుకుంటాను. ఇష్టమున్నవాళ్లు రండి.”

చొక్కా భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. హప్చన్ వదిన ఏడుస్తూనే వెనకాల నడిచింది. ఆచారం తెలిసిన మనిషే ఆచారం దాటాక ఇక ఎవరు ఆగుతారు? నలభై మంది ఆడవాళ్లు చేతికి దొరికినవి పట్టుకుని బయల్దేరారు. పారలు, చీపుళ్లు, బట్టలుతికే కర్రలు.

కొండకి దారి జపాను లైన్ల మధ్యనుంచి. తలుపులు ధనధన మూసుకున్నాయి. ఒకామె కిటికీలోంచి, “మీ దేశం పోయి ఏడవండి, ఇక్కడ కాదు,” అంది. ఇంకొకామె ముక్కు మూసుకుని నవ్వింది. పిల్లలు రాళ్లు విసిరారు. మత్సుజో ముందు నడుస్తుంటే అతన్ని కూడా వదల్లేదు. “ఏం ముసలాడా, కొరియాలో పెళ్లి కుదిరిందా?” అతను తల వంచుకునే నడిచాడు. మలుపు దగ్గర అతని పెళ్లాం ఎదురొచ్చింది. అంతమందిలోనూ వచ్చి అతని చేతికి గొడ్డలి ఇచ్చి వెనక్కి పోయింది.

పంపు షెడ్డు దగ్గర జొమ్నే మోకాళ్ల మీద కూర్చుని గొట్టానికి చెవి ఆనించింది. ఇనుం మంచులా ఉంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వినిపించింది, ఎక్కడో పాతాళంలోంచి, ఒకటి, రెండు, మూడు. నాలుగు చాలా నెమ్మదిగా వచ్చింది. అయిదు రాలేదు.

ఆమె రాయి తీసుకుని గొట్టం మీద అయిదూ కొట్టింది. చేతి చర్మం లేచిపోయేదాకా కొట్టింది. అప్పుడు లేచి అందరితోనూ, “బతికున్నారు,” అంది.

రాత్రి షిఫ్టు దిగొచ్చిన కొరియా మగవాళ్లను యాంగ్ బ్యారక్‌లో పెట్టి తాళం వేసి ఉంచాడు. ఆడవాళ్లు ఆ గోడ పక్కనుంచి ఒక్కొక్క పేరూ పెట్టి కేకలేస్తూ పోయారు. చచ్చినవాళ్ల పేర్లు, బతికున్నవాళ్లను పిలిచినట్టు. లోపలివాళ్లు తలుపుకి భుజాలు ఆనించి తోశారు. ఆ తర్వాత తలుపు బందులతో సహా ఊడి బయటపడింది. తొంభై మంది బయటికొచ్చారు.

గని నోటి దగ్గర ముప్పై మంది కాపలావాళ్లు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడే రైలు దిగొచ్చిన తనిఖీ అధికారికి కురమొచి పుస్తకం చూపిస్తున్నాడు.

“ఏంట్రా ఈ సంత?” అన్నాడు యాంగ్‌తో. “నిన్న చచ్చారన్నారు. ఇవాళ మళ్లీ ఏమిటి?”

యాంగ్ నోరు తెరవబోయాడు. ముసలమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

“మేస్త్రీ, నువ్వు మా ఊరివాడివి. మీ నాన్న పోయినప్పుడు కప్పెక్కి పిలిచింది మా ఆయన. ఆ దొర చెప్పింది మాకు చెప్పడం కాదు. నేను చెప్పింది వాడికి చెప్పు. నిన్న నేను తప్పు చేశాను. నా తప్పు మీద వీడు సంతకం పెట్టించుకుంటున్నాడు. ఆ పేజీ చింపమను.”

యాంగ్ నేల చూపులు చూశాడు. చెప్పలేదు. ఆమె అతన్ని పక్కకు నెట్టి, మట్టి మెత్తిన ఆ చెక్కలకి నోరు ఆనించి పిలిచింది. “దల్సూ. వెనక్కి రా నాయనా.” ఆమె వెనకనుంచి హప్చన్ వదిన తన మొగుణ్ని పిలిచింది. ఆ వెనక ఇంకొకరు. నూటముప్పై గొంతులు ఒక్కసారిగా చెక్కల మీద పడ్డాయి.

కురమొచి చెయ్యి ఊపాడు. కర్రలు లేచాయి. మొదటి దెబ్బ ముసలమ్మ భుజం మీద పడింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం కష్టం. జొమ్నేకి నుదురు చిట్లింది, పళ్లలో మట్టి, చేతిలో ఎవరిదో చిరిగిన కాలరు. తలెత్తి చూసేసరికి మత్సుజో గొడ్డలితో తను కొట్టిన మేకులే పెకలిస్తున్నాడు. అతని పక్కన నిన్నటి వడ్రంగులు ముగ్గురు. వాళ్లని ఎవరూ పిలవలేదు. కాపలావాళ్లు జపానువాళ్ల మీద కర్ర ఎత్తడానికి తటపటాయించారు, ఆ తటపటాయింపు చాలింది.

“ఒక్కసారిగా తెరవకండి,” అని అరిచాడు మత్సుజో. “కింది చెక్క ఒక్కటే. దూలాలు, మట్టి నా వెనకాల పంపండి.”

రెండో గని నుంచి జపాను కూలీలు కూడా కొందరు వచ్చారు. కొందరు చూడ్డానికి, కొందరు చెయ్యి వెయ్యడానికి. చూడ్డానికొచ్చినవాళ్ల చేతుల్లో కూడా హప్చన్ వదిన మట్టి తట్టలు పెట్టింది. రెండు రోజుల పని అని కంపెనీ లెక్కేసుకున్న లోపలి గోడ మూడు గంటల్లో లేచింది.

ఆరుగురు బతికొచ్చారు, వాళ్లలో హప్చన్ వదిన మొగుడూ ఉన్నాడు. ముగ్గుర్ని మోసుకొచ్చారు. మూడో శవం దల్సూది.

జొమ్నే అతని చెయ్యి పట్టుకుంది. మోచెయ్యి వంగింది, ఇంకా బిగుసుకోలేదు. కంపెనీ డాక్టరు వచ్చి నిన్నటి మంటల్లో పోయాడని చెప్పబోయాడు.

“నిన్న పోయినవాడి చెయ్యి ఇలా వంగుతుందా డాక్టరూ?” అంది ఆమె. “పట్టుకుని చూడు.”

డాక్టరు పట్టుకోలేదు. కురమొచి శవాల్ని వెంటనే దహనానికి పట్టుకుపొమ్మన్నాడు. ఆడవాళ్లు ఆ మూడు శవాల చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. ముసలమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, “వీడు ఇప్పుడు సాక్షి. వీణ్ని కాల్చనివ్వను,” అంది.

బతికొచ్చిన ఛున్సొక్ గోడకి చేరగిలబడి ఉన్నాడు. హప్చన్ వదిన తాగించిన బార్లీ గంజి గడ్డం మీదుగా కారుతోంది. మాట పూర్తిగా రావడం లేదు.

“విషగాలి కిందికి దిగుతుంది వదినా. మేం పైన దూలాల మీద కూర్చున్నాం. గొట్టం మాత్రం నేల మీద ఉంది. కొట్టాలంటే దిగాలి. వంతులేసుకున్నాం. దిగిన ముగ్గురూ పోయారు. దల్సూ అన్న ఆఖరు. పైనుంచి జవాబొచ్చిందిరా అని చెప్పాడు. ఆ మాటే ఆఖరు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నిన్న మేకుల చప్పుడు మాకు వినపడింది. దూలాలు నిలబెడుతున్నారు, మనకోసం వస్తున్నారన్నాడు దల్సూ అన్న. మేమంతా సంతోషంతో చప్పట్లు కొట్టాం.”

మత్సుజో గొడ్డలి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. “ఏమంటున్నాడు?” అని అడిగాడు.

ఎవరూ చెప్పలేదు. జొమ్నే చెప్పింది. బియ్యం, ఉప్పు అడగడానికి నేర్చుకున్న మాటలతో ఒక్కొక్క ముక్కా తప్పకుండా చెప్పింది. మేకులు. చప్పుడు. సంతోషం. చప్పట్లు. అతను వింటూ మెల్లగా నేల మీద కూలబడ్డాడు. ఆమె జాలిపడలేదు.

సాయంత్రం రైలుకి పోలీసులు దిగారు. పోలీసు అధికారి కాగితం తీసి, “గని నోటి పలకలు పగలగొట్టించిందెవరు?” అన్నాడు. కురమొచి జొమ్నేని, మత్సుజోని చూపించాడు.

మత్సుజో లేచాడు. “రాసుకోండి. మూడో గని నోటికి నిన్న పలకలు కొట్టింది నేను. లోపల తొమ్మిది మంది ప్రాణాలతో ఉన్నారు. కొట్టమన్నది కురమొచి దొర.”

“నేనడిగింది అది కాదు. పగలగొట్టిన సంగతి చెప్పు.”

“పగలగొట్టింది తర్వాత. ముందు మూసింది రాయండి.”

“అలాంటి నేరం ఏదీ లేదు.”

“లేకపోతే పెట్టండి,” అన్నాడు మత్సుజో.

అధికారి అతని చెంప మీద కొట్టాడు. గుంపులోంచి వడ్రంగి ఒకడు ముందుకొచ్చాడు. “నేనూ కొట్టాను మేకులు. ఆయన చెప్పినట్టే రాయండి.” రెండోవాడు వచ్చాడు. మూడోవాడు వచ్చాడు, పేరు చెప్పి నిలబడ్డాడు. మట్టి మెత్తిన ఇరవై మందిలోంచి ఒకడు, “మట్టి నేను వేశాను,” అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు తమ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లంతా జపానువాళ్లు. నిన్నటిదాకా కొరియా లైను పక్కనుంచి పోతే ముక్కు మూసుకున్నవాళ్లు. అధికారి కలం జేబులో పెట్టేసి కాగితం మడిచేశాడు. రాయకపోయినా నూటముప్పై మంది కొరియావాళ్లు విన్నారు, రెండో గని కూలీలు విన్నారు.

జొమ్నేకి, మత్సుజోకి ఒకే తాడు కట్టారు. ముసలమ్మ లేవలేదు, కోడలి వైపు చూసి తలాడించింది. రాత్రి షిఫ్టు సైరను మోగింది. మోగి ఆగిపోయింది. గనిలోకి దిగేవాళ్లకి దీపాలిచ్చే గది ముందు గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. నాలుగు గనుల మనుషులూ శవాల చుట్టూ కూర్చున్నారు, రెండు లైన్లవాళ్లూ. అన్ని గనులకీ తప్పించుకోడానికి రెండో దారి తవ్వేదాకా దిగేది లేదని, దీన్ని ఏ భాషలో రాసివ్వాలని వాళ్లలో వాళ్లు వాదించుకుంటున్నారు. రెండింటిలోనూ అని హప్చన్ వదిన తేల్చేసింది.

స్టేషనుకి దిగే బాటలో మంచు కరిగి బురదగా ఉంది. మత్సుజో అడుగు తడబడుతోంది.

“అమ్మా,” అన్నాడు. “ఆ మేకులు నా చేత్తోనే.”

“తెలుసు. నిన్ను క్షమించలేదు.”

“అడగలేదమ్మా.”

“వెనకబడకు. తాడు లాగుతోంది,” అంది జొమ్నే. “పక్కన నడు.”